రాళ్ల పరీక్ష



ఏటేట తొలకరి వానలు కురిసి ఎఱ్ఱనేలల పైమన్ను కొట్టుకొనిపోయినంతనే కర్నూలు, అనంతపురము జిల్లాలలోని కొన్ని పొలములయందు ఒక విచిత్రమైన దృశ్యము కానవచ్చును. తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు ప్రాంతములకు దూరపు జిల్లాలనుండి సైతము జనులు వచ్చి, చెట్లక్రింద వంటలు చేసికొనుచు, పగలంతయు తలలు వంచుకొని నేలను వెదకుచుందురు. వారు వెదకునది వజ్రము. దొరకునది తఱచుగా పలుగురాయి. ఎప్పుడో ఒకనికి నిజముగనే వజ్రము దొరకును. ఆ వార్త మఱునాటికి ఊరూర ప్రాకి, మఱి వేయిమందిని ఆ పొలములకు రప్పించును.

వెదకుటను గూర్చి నేను చెప్పబోవుట లేదు. రాయి చేతికి వచ్చిన పిమ్మట అది యేమో తెలిసికొనుట యెట్లన్నదే నేటి ప్రసంగ విషయము. ఇది వజ్రములకు మాత్రమే సంబంధించినది కాదు. బావి త్రవ్వుచుండగా బయటపడిన మెఱుపురాయి, వాగులో పిల్లవానికి దొరికిన బరువైన నల్లరాయి, కొండమీద ఏరిన రంగురాయి, అన్నింటికి ప్రశ్న యొక్కటియే: ఇది యేమి?

నేను భూతత్త్వ శాస్త్రజ్ఞుడను గాను. సంస్కృతాంధ్రములు చదువుకొని ముప్పదియేండ్లకు పైగా బడిపంతులు పని చేసినవాడను. మన ప్రాచీన గ్రంథములలో రత్నపరీక్ష యనునది యొక శాస్త్రముగా నుండుటచేత ఒకవైపునుండియు, బడిపిల్లలు జేబులనిండ రాళ్లు తెచ్చి నా బల్లమీద కుమ్మరించుటచేత మఱియొకవైపు నుండియు ఈ విషయము నన్ను పట్టుకొన్నది. ఆ రాళ్లకు సమాధానము చెప్పుటకై ఆధునిక గ్రంథములు చదువక తప్పినది కాదు.

ముందుగా మన పల్లెలలో మిక్కిలి ప్రచారమున నున్న పరీక్షను గూర్చి చెప్పెదను. అది సుత్తెపరీక్ష. రాయిని కమ్మరి దాగలిమీద పెట్టి సుత్తెతో కొట్టవలెనట. వజ్రమైనచో పగులదట, పగిలినచో అది వజ్రము కాదట. నేను పనిచేసిన యొక గ్రామమున కలుపు తీయబోయిన కూలిమనిషి యొకతెకు బఠానీగింజంత రాయి దొరికెను. ఊరిపెద్ద యొకడు పైపరీక్షను విధించెను. ఒక్క దెబ్బకు రాయి నాలుగైదు తునుకలయ్యెను. చూడవచ్చినవారందఱు నవ్వి వెడలిపోయిరి. ఆమె మాత్రము దొరికిన మూడు తునుకలను కొంగున ముడివైచికొని మాయింటికి వచ్చి, "అయ్యవారూ, పగిలిపాయ గదా, ఇంక ఇది వట్టి రాయేనా?" అని యడిగెను.

ఆ తునుకలను వెలుతురున త్రిప్పి చూచితిని. పలుగురాయి పగిలినచో పగిలినచోటు శంఖపు లోపలి భాగమువలె వంపులు తిరిగి యుండును. ఈ తునుకల ముఖములు అద్దపుబిళ్లలవలె చదునుగా నుండెను. మాయింటి సానరాయిమీద ఒక తునుక యంచును మెల్లగా లాగితిని. సానరాయి చారపడెను, అంచు అరుగలేదు. "అమ్మా, ఇవి పారవేయవలదు" అని చెప్పి ఆమెను, ఆమె పెనిమిటిని పట్టణమునందలి యొక రత్నపరీక్షకుని యొద్దకు పంపితిని. అవి వజ్రపు తునుకలే యని తేలినది. వానికి కొంత వెల వచ్చినది. రాయి మొత్తముగా నుండినచో రాదగిన వెలలో అది యెన్నవ వంతో చెప్పుటకు నాకు మనసొప్పదు.

ఈ సుత్తెనమ్మకము మన దేశమునందు మాత్రమే యున్నది కాదు. రోమను పండితుడైన ప్లీనీ మొదటి శతాబ్దమున వ్రాసిన ప్రకృతిచరిత్రలో, దాగలిమీద నుంచి కొట్టినను వజ్రము చెక్కుచెదరదనియు, మేకనెత్తురులో నానినప్పుడే పగులుననియు వ్రాసినాడు. రెండువేల యేండ్లుగా ఎన్ని వజ్రములు ఈ మాటకు బలియైనవో ఎవరు లెక్కింపగలరు?

ఇందలి చిక్కు ఒక మాటలో నున్నది. మనము 'గట్టి' యను నొక్క మాటనే రెండు గుణములకు వాడుచున్నాము. గీతకు లొంగకుండుట యొక గుణము. దెబ్బకు పగులకుండుట మఱియొక గుణము. వజ్రమును గీయగల సహజఖనిజము వేఱొకటి లేదు. కాని వజ్రములోని పరమాణువుల పొరలు కొన్ని దిక్కులయందు సులభముగా విడిపోవునట్లు అమరియున్నవి. అట్టి దిక్కులు నాలుగు. ఆ దిక్కున సరియైన దెబ్బ తగిలినచో అది చీలిపోవును. వజ్రములు చెక్కువారు పూర్వమునుండియు ఈ చీలికగుణమును కనిపెట్టియే పెద్దరాళ్లను విడదీసికొనుచుండిరి. ఇనుపదాగలి గీతకు లొంగును, దెబ్బకు లొంగదు. వజ్రము దెబ్బకు లొంగును, గీతకు లొంగదు. వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున బృహత్సంహితలో మంచి వజ్రమును ఏ ద్రవ్యముచేతను భేదింపరానిదిగా చెప్పినాడు. ఆ భేదమునకు 'గీత' యని యర్థము చెప్పుకొన్నచో ఆచార్యుని మాట నేటికిని నిలుచును. 'పగులుట' యని చెప్పుకొన్నచో కూలిమనిషి నోటికాడి కూడు పోవును.

ప్రాచీనులు వ్రాసినదంతయు సత్యమనుట యెంత పొరపాటో, అంతయు పుక్కిటిపురాణమనుటయు అంతే పొరపాటు. బుద్ధభట్టుని రత్నపరీక్షలోను, గరుడపురాణములోను వజ్రమునకు ఆఱు కొనలు, ఎనిమిది ముఖములు, పండ్రెండు అంచులు ఉండవలెనని యున్నది. రెండు చతురస్రపు గోపురములను అడుగులు కలియునట్లు ఒకదానిక్రింద ఒకటి తలక్రిందుగా అతికినట్లు ఊహింపుడు, లెక్క సరిపోవును. అష్టముఖియైన వజ్రస్ఫటికము యొక్క రూపము సరిగా ఇదియే. కన్నులతో చూచి, వ్రేళ్లతో లెక్కించి వ్రాసినవారు తప్ప ఇట్లు వ్రాయజాలరు. అయితే ఉత్తమవజ్రము తేలికయై నీటిపై తేలునన్న అర్థమిచ్చు మాట కూడ బృహత్సంహితలో నున్నది. వజ్రము తనంత పరిమాణముగల నీటికంటె మూడున్నర రెట్లు బరువైనది. అది మునుగును. ఈ మాటను పట్టుకొని ఎవడైన రాయిని చెంబులో వైచి, మునిగినదని పారవేసినచో ఆ దోషము శాస్త్రమునకు చుట్టుకొనును.

సుత్తె వలదన్నచో మఱి ఏమి చేయవలెను? రాతికి హాని చేయని పరీక్షలు ముందు, కొంచెము హాని చేయునవి తరువాత. క్రమము తప్పరాదు.

మొదటిది చూపు. రాయిని కడిగి, ఆరబెట్టి, ఉదయపు వెలుతురున భూతద్దముతో చూడవలెను. పలుగురాయి స్ఫటికమైనచో ఆఱు పలకల స్తంభమువలె నుండి, పలకలమీద అడ్డముగా సన్నని గీతలుండును. వజ్రమున కట్టి స్తంభరూపము లేదు; అంచులు కొంత గుండ్రబడి, ముఖములపై మిక్కిలి చిన్న ముక్కోణపు గుంటలు తఱచుగా కనబడును. చెక్కని వజ్రము మనమనుకొన్నట్లు ధగధగలాడదు. నూనె పూసిన గాజువలె జిడ్డుమెఱుపుతో నుండును. ధగధగలాడు రాయిని చూచి సంతోషించువారు అనేకులు. జిడ్డురాయిని పారవేయువారు అంతకంటె అనేకులు.

పూలతీగెలవలె, చెట్లకొమ్మలవలె నల్లని చిత్రములుగల సున్నపురాతి పలకలు కొందఱు నాకు చూపి, ఇవి పురాతనవృక్షముల అచ్చులని చెప్పిరి. అవి చెట్లు కావు. రాతి పగుళ్లలోనికి నీటితో దిగిన మాంగనీసు పదార్థము కొమ్మలుగా వ్యాపించి గడ్డకట్టినది. అందము నిజమే, వృక్షమన్నది మాత్రము కల్ల.

రెండవది గీటు. ఈ పరీక్ష మన కంసాలులకు తరతరములుగా తెలిసినదే. గీటురాయిమీద బంగారము గీచి వన్నె చూచుట యిదియే కదా. ఖనిజములకు తెల్లని పింగాణిగిన్నె అడుగున నిగనిగ లేని గరుకు వలయము చాలును. రాయి పైరంగు మోసపుచ్చును, పొడిరంగు మోసపుచ్చదు. నల్లగా మెఱయు ఇనుపఖనిజములు రెండున్నవి: ఒకటి గీచినచో ఎఱ్ఱని గీటు, రెండవది నల్లని గీటు ఇచ్చును. మొదటిది హెమటైటు, రెండవది అయస్కాంతమున కంటుకొను మాగ్నటైటు. బంగారమువలె పచ్చగా మెఱయు పైరైటును చూచి మురిసిపోయినవారు లోకమునందంతటను ఉన్నారు. దాని గీటు ఆకుపచ్చ కలిసిన నలుపు. బంగారపు గీటు బంగారమే. ఇసుకలో తళుకులీను కాకిబంగారము అభ్రకపు రేకు. సూదిమొనతో ఒత్తినచో పొరలుగా విడిపోవును, బంగారమైనచో సొట్టపడును.

మూడవది గీత. జర్మను పండితుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో పది ఖనిజములను కాఠిన్యక్రమమున వరుసగా నిలిపెను. మొదటిది మనము పలకపై వ్రాయు బలపపురాతిజాతి, మూడవది కాల్సైటు, ఏడవది పలుగురాయి, ఎనిమిదవది టోపాజు, తొమ్మిదవది కురువిందము, పదవది వజ్రము. కురువిందమునకు ఇంగ్లీషువారు పెట్టుకొన్న 'కొరండము' అను పేరు మన దక్షిణదేశపు మాటనుండియే పోయినది. ఈ అంకెలు వరుసను మాత్రమే చెప్పును, దూరమును చెప్పవు. తొమ్మిదికిని పదికిని నడుమ గల యెడము ఒకటికిని తొమ్మిదికిని నడుమ గల యెడముకంటె పెద్దది.

ఇంట ఈ పరీక్షకు కావలసిన సామగ్రి స్వల్పము. గోరు రెండున్నర, పాత రాగికాసు మూడు, కత్తిమొన, గాజుపలక ఇంచుమించు అయిదున్నర. ఇప్పటి నాణెములు రాగివి కావు గనుక రాగికాసునకు బదులు రావు. ఇచ్చట రెండు హెచ్చరికలు. మెత్తనిరాయి గాజుమీద లాగినచో తెల్లని చార పడును. అది గాజుపై గీత కాదు, రాయి పొడి. తడివ్రేలితో తుడిచి చూడవలెను. పోయినచో పొడి, నిలిచినచో గీత. రెండవ హెచ్చరిక ముఖ్యమైనది. "గాజును కోసినది, కావున వజ్రమే" యని ప్రమాణముచేసి చెప్పువారు పలువురు. గాజు అయిదున్నర, పలుగురాయి ఏడు. మన చేలగట్టున పడియున్న ప్రతి పలుగురాయియు గాజును కోయును! ఈ పరీక్షను నమ్మి యొక రైతు పలుగురాయిని ఏడేండ్లు పెట్టెలో దాచి, దాని నమ్మకముమీద అప్పులు చేసిన సంగతి నేనెఱుగుదును. సుత్తెపరీక్ష వజ్రమును రాయి చేయును. గాజుపరీక్ష రాయిని వజ్రము చేయును. సానరాయిమీద పరీక్షించుట మేలు. పలుగురాయి సానరాయిమీద అరిగిపోవును, వజ్రము అరుగదు. అదియు ఒక మూల, మెల్లగా, ఒక్కసారి మాత్రమే చేయవలెను. చక్కని స్ఫటికమైనచో చేయనే రాదు.

నాలుగవది తూకము. అన్నింటిలో నాకు ప్రియమైన దిదియే. ఏలన, రాతికి రవంతయైన హాని లేదు, లెక్కలు చెప్పు పిల్లలకు ఉత్సాహము కలుగును. రాయి నీటికంటె ఎన్ని రెట్లు బరువో తెలిసికొనుటయే ఇందలి పని. పూర్వము దీనికి త్రాసును కష్టపడి అమర్చుకొనవలసి యుండెను. నేడు వంటయిండ్లలో కూడ ఎలక్ట్రానిక్ త్రాసులున్నవి. మొదట రాయిని తూచి వ్రాసికొనుడు. తరువాత నీళ్లు పోసిన గ్లాసును త్రాసుపై నుంచి అంకెను సున్నకు తెండు. రాతికి దారము కట్టి, అడుగునకు గాని ప్రక్కలకు గాని తగులకుండ నీటిలో పూర్తిగా మునుగునట్లు వ్రేలాడదీయుడు. ఇప్పుడు త్రాసు చూపు అంకె రాయి తొలగించిన నీటి బరువు. మొదటి అంకెను దీనితో భాగింపుడు. రాయి 53 గ్రాములు, నీటి అంకె 20 గ్రాములు అనుకొందము, భాగఫలము 2.65. అది పలుగురాయి. వజ్రమునకు 3.52, కురువిందమునకు ఇంచుమించు 4, గాజునకు సాధారణముగా రెండున్నర ప్రాంతము.

కడపసీమలో మంగంపేట గనులలో దొరకు ముగ్గురాయిని చేతబట్టినవారికి తూకపు మహిమ త్రాసు లేకయే తెలియును. చూచుటకు తెల్లని సామాన్యపు రాయి. ఎత్తబోయినచో చేయి క్రిందికి లాగును. దాని యంకె నాలుగున్నర. తెల్లనిరాయి ఇంత బరువుండుట అరుదు గనుక గుర్తించుట సులభము. తూకము ఒక్కటియే చాలునా యన్నచో చాలదు. టోపాజునకును వజ్రమునకును ఈ అంకె ఇంచుమించు సమానము. వానిని కాఠిన్యమే వేఱుచేయవలెను. మఱియు గింజంత రాయికి వంటయింటి త్రాసు పనికిరాదు. కంసాలి యొద్దనుండు సూక్ష్మపు త్రాసు కావలెను. ఒక కారెట్టనగా గ్రాములో అయిదవ వంతు మాత్రమే.

ఇవిగాక చిన్న పరీక్షలు కొన్ని గలవు. సున్నపురాతిని పొడిచేసి నిమ్మరసము పోసినచో సన్నని నురుగు లేచును. పలుగురాతికి ఏ మార్పును ఉండదు. కలమువంటి చిన్నయంత్రమును రాతికి తాకించి వజ్రమగునో కాదో చెప్పు వర్తకులు నేడున్నారు. ఆ యంత్రము కొలుచునది రాయి వేడిని ఎంత త్వరగా లాగివేయునన్నది. వజ్రము ఈ విషయమున రాగిని మించినది. యంత్రము మంచిదే, కాని కృత్రిమముగా చేయు మోయిసనైటను రాయి దానిని మోసగింపగలదు. నీలలోహితకాంతి దీపము క్రింద కొన్ని వజ్రములు నీలముగా వెలుగును, కొన్ని వెలుగనే వెలుగవు. వజ్రములు కాని రాళ్లును అనేకములు వెలుగును. కావున దీపము మీద తీర్పు చెప్పరాదు.

ఈ పరీక్షలు ఎంతటి పని చేయగలవో దక్షిణాఫ్రికాలో జరిగిన యొక వృత్తాంతము తెలుపును. 1867 ప్రాంతమున ఆరెంజి నదియొడ్డున హోప్‌టౌను దగ్గర ఒక రైతుబిడ్డ మెఱయు గులకరాయిని ఏరి ఆటలాడుచుండెను. పొరుగువాడు కొనెదనన్నచో ఆ తల్లి నవ్వి, రాతికి వెల యేమని ఊరకయే ఇచ్చివైచెను. చేతులు మాఱి మాఱి ఆ రాయి మామూలు తపాలాకవరులో గ్రాహమ్స్‌టౌనునందలి ఆథర్‌స్టన్ అను వైద్యునికి చేరెను. ఆయన వృత్తిచే వైద్యుడు, అభిరుచిచే రాళ్లు చదువువాడు. రాయి కాఠిన్యమును, సాపేక్షపు తూకమును పరీక్షించి అది వజ్రమని నిశ్చయించెను. 21.25 కారెట్ల ఆ వజ్రమునకే తరువాత 'యురేకా' యని పేరు. అంతవఱకు ఆ దేశమున వజ్రములుండునని నమ్మినవారు అరుదు. ఆ వైద్యుడు సుత్తె నెత్తియుండినచో చరిత్ర యెట్లు నడచియుండునో!

ఆ దేశమునందలి కింబర్లీ పట్టణమును బట్టి వజ్రములు మోసికొనివచ్చు రాతికి కింబర్లైటని పేరు వచ్చినది. నూటయేబది కిలోమీటర్లకు పైబడిన లోతున పుట్టిన వజ్రములను కరగిన రాయి గొట్టమువంటి దారిన పైకి తెచ్చును. మన వజ్రకరూరు చుట్టును అట్టి గొట్టములు గలవు. అవి సుమారు నూటపదికోట్ల యేండ్లనాటివి. పైనున్న రాయి కాలక్రమమున శిథిలమై కొట్టుకొనిపోగా వజ్రములు నేలలో చెదరి మిగిలినవి. వానకు పైమన్ను పోయి అవి బయటపడుట యిందుచేతనే గాని, కొందఱనుకొనునట్లు ఉరుములకు పుట్టుటచేత కాదు.

ఉరుముల మాట వచ్చినది గనుక ఆకాశమునుండి పడిన రాళ్లను గూర్చియు ఒక మాట. నల్లగా, బరువుగా, వింతగా నున్న ప్రతిరాతిని ఉల్కాశిల యనుట పరిపాటి. నాకు చూపిన వానిలో పెక్కు ఇనుపచిట్టెములు. మన దేశమున ఊరూర ఇనుము కరగించిన కొలుములుండెను. కోనసముద్రపు ఉక్కు దూరదేశములకు పోయినది. ఆ కొలుముల చిట్టెము పొలములలో నేటికిని దొరకును. చిట్టెమునకు బుడగల గుంటలుండును. ఉల్కాశిలలో బుడగలు ఉండుట అత్యంతము అరుదు. ఉల్కకు పలుచని నల్లని కాలినపొర, ఒక్కొక్కప్పుడు తడిమట్టిపై బొటనవ్రేలు నొక్కినట్టి సొట్టలు, విఱిగినచోట లోహపు చుక్కలు ఉండును. తఱచుగా అయస్కాంతము దాని నాకర్షించును. పింగాణిపై గాఢమైన ఎఱ్ఱగీటు గాని నల్లగీటు గాని ఇచ్చినచో అది ఈ భూమిదే యనుకొనుట మంచిది. పై లక్షణములన్నియు కుదిరినచో 1851లో స్థాపితమైన భారత భూతత్త్వ పరిశీలన సంస్థవారికి చూపవలెను. ఆ సంస్థ దక్షిణప్రాంత కార్యాలయము హైదరాబాదులోనే యున్నది.

ఎవరికి చూపినను రాతితోపాటు ఒక చీటి పంపుడు. ఏ యూరు, ఎవరి పొలము, ఏ దిక్కు గట్టు, పైమన్నులోనా, ఎంత లోతునా, చుట్టుప్రక్కల నేల యెట్టిది, తేది యేది, ఈ యంశములు చాలును. చోటు తెలియని రాయి సగము మూగది. శాస్త్రజ్ఞుడు దానిని చూచి పేరు చెప్పగలడు గాని, దానికి తోడివి ఎక్కడ నుండునో చెప్పజాలడు. దొరికిన నాడే వ్రాయవలెను. పండుగ పోయిన తరువాత వ్రాయుదమన్నచో గట్టు మఱచిపోవుదుము. చీటిని పొట్లములోనే యుంచవలెను. రాతిమీద సిరాతో వ్రాయరాదు. ఒక పొట్లములో ఒక్క రాయియే యుండవలెను. రెండున్నచో దారిలో ఒరసికొని గట్టిది మెత్తనిదానిని గీయును. రెండును వజ్రములైనచో చీటీలు వేసి యుంచిన పొట్లములోనే ఒకదానినొకటి గీచికొనును. వజ్రవర్తకులు ఒక్కొక్క రాతిని వేఱు కాగితములో మడచిపెట్టుట యిందులకే.